ఎర్ర కుర్చీతో ఆరు రోజులు: పర్లాకిమిడి నుంచి రంభ దాకా

పర్లాకిమిడి, బయలుదేరక ముందు

నాలుగు తరాల వాళ్లం కలిసి ఒకసారి సముద్రం ఒడ్డున గడపాలన్న ఆలోచన మా ఇంట్లో దసరా నాడు పుట్టింది. ఎక్కడి సముద్రం అన్న తగవు దీపావళి దాకా సాగింది. బెంగళూరులో ఉద్యోగం చేసే మా తమ్ముడు అండమాన్ అన్నాడు. మా వారు కేరళ అన్నారు. విజయనగరంలో ఉండే మా మేనత్త, ఊరేదైనా తనకు సమ్మతమేనని, పడుకునే గది మాత్రం కింది అంతస్తులో ఉండాలని ఫోనులోనే షరతు పెట్టింది. ఎనభై నాలుగేళ్ల మా మామ్మ మోకాళ్లకు నూనె రాయించుకుంటూ అందరి మాటలూ విని, "మనకి సముద్రం లేదేటర్రా? సముద్రం చూడ్డానికి ఇంకో సముద్రం దాటాలేటి?" అన్నది. అండమాన్ మాట అక్కడితో పోయింది.

ఆమె మాటలో న్యాయం ఉంది. తమ్ముడు ఆశపడిన కొబ్బరి చెట్లు, సరుగుడు తోపులు, తాజా చేపల కూర, డిసెంబరు మధ్యాహ్నం కూడా చెమట పట్టించే ఉష్ణమండలపు ఎండ మా గంజాం తీరంలోనే ఉన్నాయి. మాది ఒడిశాలోని గజపతి జిల్లా. 1992లో విడదీసేదాకా ఇదీ గంజాంలోదే. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడుకుంటూ పెరిగి, పెళ్లిళ్లకూ ఆసుపత్రులకూ నూరుసార్లు బరంపురం వెళ్లివచ్చిన మేము, అక్కడికి పదహారు కిలోమీటర్ల దూరంలోని గోపాల్‌పూర్‌లో ఒక్క రాత్రి గడిపిన పాపాన పోలేదు. మామ్మ అయితే ఆ ఊరు చూడనే లేదు. చూడాలని ఆమెకు ఎందుకున్నదో మాకు నాలుగో రోజుకు గానీ తెలియలేదు.

ప్రయాణానికి లెక్క తేలినవాళ్లం పన్నెండు మందిమి: మామ్మ, అమ్మ, నాన్న, అత్త, మామయ్య, నేను, మా వారు, పద్నాలుగేళ్ల మా అబ్బాయి, ఎనిమిదేళ్ల అమ్మాయి, తమ్ముడు, గుంటూరు పిల్ల అయిన మా మరదలు, వాళ్ల పది నెలల పాప. ఇంతమందితో సెలవు గడపడానికి ముందుగా రాసుకోవలసినది చూడదగిన చోట్ల పట్టిక అనుకొని కూర్చున్నాను గానీ, మొదటి కాగితం మందులతోనే నిండిపోయింది. మామయ్యకు ఇన్సులిన్, దానికి ఐసు పెట్టిన ఫ్లాస్కు; పాపకు రాగిజావ పిండి; మామ్మకు పదకొండు గంటలకు అన్నం, ఒంటిగంట నుంచి మూడు దాకా నిద్ర, ఏడు లోపల పలహారం. చేపలు తినేవాళ్లు పది మంది. తాతయ్య పోయిన నాటి నుంచి మామ్మ ముట్టదు. మామయ్య శనివారం ముట్టరు. పాపకు ఇంకా పళ్లు రాలేదు. రోజుకు నాలుగు గంటలకు మించి బండిలో కూర్చోరాదని ఒక నియమం, మామ్మ గదిలో కమోడు ఉండి తీరాలని ఇంకొక నియమం పెట్టుకున్నాము.

డబ్బు విషయంలో మొహమాటాలు రాకుండా నాన్న ముందే తేల్చారు. నాలుగు ఇళ్ల వాళ్లూ ఇంటికి 30,000 రూపాయల చొప్పున ఒక సంచిలో వేయాలి. చీరలూ బొమ్మలూ ఎవరివి వారివే. మామ్మ తన పింఛను డబ్బులోంచి 5,000 తీసి, కొంగు ముడి విప్పి సంచిలో వేసి, "నేనూ ఒక ఇల్లేను" అన్నది.

తమ్ముడు ఆరు రోజుల కార్యక్రమాన్ని అరగంటకొక గడి చొప్పున ఫోనులో పట్టికగా వేసి అందరికీ పంపాడు. నాన్న ఆ పట్టిక తెరిచి చూడలేదు. బయలుదేరే ఉదయం మా వరండాలోని ఎర్ర ప్లాస్టిక్ కుర్చీని వ్యాను పైన తాడుతో కట్టించి, "ఎక్కడ దిగినా మా అమ్మ కూర్చోవడానికి చోటు ఉండాలి" అన్నారు. పట్టణం దాటేదాకా తమ్ముడు సిగ్గుతో తల వంచుకునే కూర్చున్నాడు.

డిసెంబరు 25: చంద్రగిరి, తప్తపాణి

పలాస మీదుగా వెళ్లే రహదారిని తిరుగు ప్రయాణానికి ఉంచుకొని, వెళ్లేటప్పుడు ఆర్. ఉదయగిరి కొండదారి పట్టాము. గజపతి జిల్లా కొండల్లో క్రైస్తవులు చాలామంది ఉన్నారని తెలిసినా, క్రిస్మస్ నాడు ఆ దారిన వెళ్లడం మాకు ఇదే మొదటిసారి. ప్రతి ఊళ్లోనూ వెదురు బద్దలతో కట్టిన నక్షత్రాలు, కొత్త బట్టల పిల్లలు, రంగు కాగితాల తోరణాలు. పైనాపిల్ తోటలూ పసుపు మళ్లూ దాటుతూ మలుపులు తిరిగేసరికి మా అమ్మాయి రెండుసార్లు వాంతి చేసుకుంది. ఆమె ముఖం కడిగిస్తున్న హడావుడిలో డ్రైవరు ఒక కూడలి దగ్గర కుడికి తిరగవలసినది ఎడమకు తిరిగాడు.

ఆ తప్పు దారి ఒక సవర పల్లెలో, చర్చి ముంగిట ఆగిపోయింది. ప్రార్థన ముగిసి జనం బయటకు వస్తున్నారు. వ్యాను వెనక్కి తిప్పడానికి చోటు చూపించిన పెద్దాయన, పైన కట్టి ఉన్న కుర్చీని చూసి నవ్వి, ముసలావిడను ఎండలో బండిలో ఉంచడమేమిటని ఒడియాలో మందలించాడు. కుర్చీ దించక తప్పలేదు. మామ్మ కూర్చోగానే ఆమె చుట్టూ పిల్లలు మూగారు. ఎవరో బెల్లం టీ తెచ్చారు, వెనుకనే ఒక పళ్లెం నిండా అరిసెలు వచ్చాయి. పండగపూట గుమ్మంలోకి వచ్చినవాళ్లు తినకుండా వెళ్లకూడదని వాళ్ల మర్యాద. మామయ్య చక్కెర మాట మరిచి రెండు తిన్నారు. డబ్బు ఇవ్వబోతే పెద్దాయన ముఖం చిన్నబోయింది. మరదలు వెంటనే తెలివిగా పాప కోసం తెచ్చిన బిస్కెట్ల డబ్బా తెరిచి పిల్లలకు పంచింది.

వాళ్లు తమలో తాము మాట్లాడుకుంటున్న సవర భాషలో మాకు ఒక్క ముక్క తెలియదు. గిడుగు రామమూర్తి పంతులు మా పర్లాకిమిడిలో బడి పంతులుగా ఉంటూనే ఆ భాష నేర్చి నిఘంటువు రాశారని తరగతిలో పిల్లలకు చెప్పే నేను, ఆ కొండల పక్కనే నలభై ఏళ్లు బతికి, కృతజ్ఞత చెప్పడానికి సవరలో ఒక మాట లేక చేతులు జోడించి ఊరుకున్నాను. తమ్ముడి పట్టికలో ఆ ముప్పావుగంటకు గడి లేదు. అక్కడి నుంచి ఆ పట్టిక మళ్లీ కోలుకోలేదు.

చంద్రగిరి దగ్గరి జీరంగ్‌లో 1963 నుంచి టిబెట్ శరణార్థులు స్థిరపడి ఉన్నారు. చుట్టూ మొక్కజొన్న కోసేసిన మళ్లు, నడుమ బంగారు కప్పుతో పద్మసంభవ మహావిహారం. దలైలామా 2010 జనవరిలో దీనిని ప్రారంభించినప్పుడు నాన్న బస్సులో వచ్చి, జనంలో దూరం నుంచి ఆయనను చూసి వెళ్లారు. ఆ ముచ్చట మాకు మళ్లీ చెప్పారు. పడుచువాళ్లు చాలామంది స్వెట్టర్లు అమ్ముకోవడానికి చలికాలమంతా దూరపు పట్టణాలకు వెళ్లిపోతారట. మాకు కనిపించినవాళ్లు ఎక్కువగా జపమాలలు తిప్పుతున్న ముసలివాళ్లే. విహారం మెట్లు ఎక్కలేని మామ్మ కింద కుర్చీలో కూర్చుంటే, ఆమె వయసే ఉన్న ఒక టిబెటన్ అవ్వ వచ్చి పక్కన అరుగు మీద చేరింది. ఒకరి భాష ఒకరికి రాకున్నా ఇద్దరూ మోకాళ్లు చూపించుకున్నారు. మేము దిగి వచ్చేసరికి మామ్మ చేతిలో వెన్నా ఉప్పూ వేసిన టీ ఉంది. "పోపు పెట్టని చారులా ఉంది" అని తెలుగులో అంటూనే, ఎదుటి అవ్వ నొచ్చుకోకుండా చివరి చుక్క దాకా తాగింది. పిల్లలు ప్లేటు 80 రూపాయల మోమోలు ఐదు ప్లేట్లు తిన్నారు.

తప్తపాణికి చేరేసరికి చీకటి పడింది. గంధకం వాసన ఊటకన్నా ముందే ఎదురొచ్చింది. భూమిలోంచి ఉబికే ఆ వేడినీటి మడుగు ఒడ్డున కంధి దేవి గుడి. సంతానం కోరే స్త్రీలు అక్కడి వేడి బురదలో చెట్టు కాయ కోసం వెతకడం పాత ఆచారం. ఊట దగ్గర మనుషులను దిగనివ్వరు. ఆ నీటినే తొట్లలోకి పంపుతారు. మా బసలో గదికొక తొట్టి ఉంది. మామ్మను, అత్తను, అమ్మను అందులో కాళ్లు పెట్టించి కూర్చోబెట్టి నేను పక్కన నిలబడ్డాను. ముగ్గురూ గంటసేపు ఎవరి మోకాళ్లు వాళ్లు నిమురుకుంటూ, ఎప్పుడో పోయిన చుట్టాల గురించి గుసగుసలాడుకున్నారు. ఎక్కడి మందూ చేయని మేలు ఆ నీరు చేసిందని మామ్మ అంటుంది. నాకు మాత్రం వాళ్లు ముగ్గురూ వంటింటి పని లేకుండా గంటసేపు ఒకచోట కూర్చోవడమే ఆ మేలనిపించింది.

డిసెంబరు 26: బరంపురం

పొద్దున్నే బయలుదేరి, టిఫిను వేళకు బరంపురం చేరాము. ఆంధ్రాలో ఉప్మాకు పచ్చడి తోడు. బరంపురంలో వేడి ఉప్మా మీద బఠాణీల ఘుగుని పోసి, పక్కన రెండు మినప బరాలు (గారెలు) పెట్టి ఇస్తారు. ప్లేటు 40 రూపాయలు. మా మరదలు మొదట ముఖం చిట్లించి, తరువాత రెండో ప్లేటు అడిగింది. కొట్టు యజమాని నన్ను 'నానీ' అనీ, తమ్ముడిని 'నానా' అనీ పిలవడంతో ఆమెకు నవ్వు ఆగలేదు. గంజాం ఒడియాలో నానీ అంటే అక్క, నానా అంటే అన్న. ఆ పూట నుంచి మా అబ్బాయి తన మేనమామను నానా అనే పిలుస్తున్నాడు.

ఆ రాత్రి బస మా పిన్ని ఇంట్లో. పన్నెండు మందిని దించడానికి నేను వెనుకాడితే, హోటలుకు వెళ్తే గుమ్మం తొక్కవద్దని ఆమె కబురు పంపింది. చాపలు, బొంతలు, మేడ మీద వరుస పడకలు. పిల్లలకు ఈ ప్రయాణంలో అన్నిటికన్నా నచ్చిన బస అదే కావడం, డబ్బు పోసి గదులు తీసుకున్న తమ్ముడికి కొంచెం కష్టం కలిగించింది. పిన్ని ఇంటి వెనుక ఆడవాళ్లు అప్పడాలు ఒత్తుతున్నారు. బరంపురం అప్పడాలకు ఒడిశా అంతటా పేరు. మామ్మ కుర్చీ వేయించుకొని కూర్చుని, పిండి పిడచ పట్టి చూసి, ఇంగువ చాలలేదని తీర్పు చెప్పింది. వాళ్లు నొచ్చుకోలేదు, నవ్వి, ఆమె చేతికే పీటా కర్రా ఇచ్చారు.

సాయంత్రం దేరా నేతగాళ్ల వీధికి వెళ్లాము. తరాల కిందట తెలుగు నేల నుంచి వచ్చి స్థిరపడిన ఈ కుటుంబాలు నేటికీ ఇంట్లో తెలుగే మాట్లాడతాయి. బరంపురం పట్టు గుర్తింపు దాని అంచు: గుడి గోపురాలను వరుసగా పేర్చినట్లు రంపపు పళ్లలా సాగే ఆ పనిని 'ఫోడా' అంటారు. పెళ్లికి చీరనూ ధోవతినీ జంటగా నేస్తే అది జోడా. రెండేళ్లకొకసారి వచ్చే ఠాకురాణీ యాత్రలో ఊరి అమ్మవారు బుఢీ ఠాకురాణి పుట్టింటికి వస్తుందని నమ్మకం. ఆ పుట్టిల్లు ఈ నేతగాళ్ల పెద్ద, దేశీబెహరా ఇల్లే. దుకాణదారు ఈ సంగతులన్నీ చెబుతూ చీరల మీద చీరలు పరిచాడు. మామ్మ ముఖభాగం చూడలేదు. ప్రతి చీరనూ తిరగేసి వెనుక వైపు పోగులు వేలితో తడిమింది. 11,500 చెప్పిన చీర దగ్గర ఆగి, ఎదురు బేరం ఆడకుండా, ఐదు నిమిషాలు మౌనంగా కూర్చున్నది. ఆ మౌనానికి దుకాణదారు 9,800కి దిగాడు. అమ్మ తన సొంత డబ్బుతో కొన్నది.

తిరిగి వస్తూ మామయ్య, రాష్ట్రపతి అయిన వి.వి. గిరి 1894లో పుట్టింది ఈ ఊళ్లోనే అని మా అబ్బాయికి చెప్పబోయారు. వాడి దృష్టి అంతా వేడివేడిగా తీస్తున్న మిరపకాయ బజ్జీల మీద ఉంది.

డిసెంబరు 27: జౌగడ, గోపాల్‌పూర్

ఆ ఉదయం మొదటిసారిగా మేము విడిపోయాము. అందరం అన్నీ కలిసే చూడాలని నేనే పట్టుబట్టాను. కానీ రెండు రోజులుగా ఎవరో ఒకరు ఎవరి కోసమో విసుగ్గా ఎదురుచూస్తూనే ఉన్నారు. నాన్న ఎన్నాళ్లుగానో చూడాలనుకున్న జౌగడకు ఆయన, మామయ్య, మా అబ్బాయి ఆటో మాట్లాడుకుని వెళ్లారు. మిగిలినవాళ్లం పిన్ని ఇంట్లో పదకొండు గంటలకే అన్నాలు తిని నడుము వాల్చాము. జౌగడలో ఉన్నది ఋషికుల్యా నది దగ్గర బండరాతి మీద అశోకుడు చెక్కించిన శాసనం. కళింగ యుద్ధంలో లక్షమంది చనిపోయారని చెప్పే పదమూడో శాసనాన్ని భువనేశ్వర్ దగ్గరి ధౌలిలోనూ జౌగడలోనూ చెక్కించలేదు. దాని చోట ఈ నేల అధికారులకు వేరే ఆజ్ఞలు ఉన్నాయి. అందులో 'మనుషులందరూ నా బిడ్డలే' అని రాసి ఉందని మా అబ్బాయి వచ్చి చెప్పి, ఓడిపోయినవాళ్ల ఊళ్లో ఎంతమంది చచ్చారో రాయడానికి రాజు సిగ్గుపడి ఉంటాడని సొంత వ్యాఖ్యానం చేర్చాడు. తాతతో ఆటోలో మూడు గంటలు తిరిగినందుకే వాడికి ఆ మాట తోచిందని నేను అనుకుంటున్నాను; మొత్తం బలగంతో వెళ్లి ఉంటే వాడు ఫోను చూసుకుంటూ కూర్చునేవాడు.

సాయంత్రానికి గోపాల్‌పూర్‌లో మా ఏర్పాట్ల లోపం బయటపడింది. కింది అంతస్తులో రెండు గదులు ఇస్తామని ఫోనులో రెండుసార్లు మాట ఇచ్చిన బసవాళ్లు, ఏడాది చివరి రద్దీలో వాటిని వేరేవాళ్లకు ఇచ్చేసి, మా నాలుగు గదులూ మొదటి అంతస్తులో చూపించారు. లిఫ్టు లేదు. రోజుకు గదికి 3,500 తీసుకుంటూ ఇలా చేయడమేమిటని తమ్ముడు గొంతు పెంచాడు. గుమాస్తా కుర్రవాడు తల దించుకుని నిలబడ్డాడు. రాత పూర్వకంగా తీసుకోకపోవడం మా తప్పే. చివరికి మామ్మను ఎర్ర కుర్చీలో కూర్చోబెట్టి, తమ్ముడూ మా వారూ మా అబ్బాయీ గుమాస్తా కుర్రవాడూ నాలుగు కాళ్లూ పట్టుకుని పద్దెనిమిది మెట్లు మోశారు. మామ్మ భయపడుతుందేమోనని నేను చేయి పట్టుకోబోతే విదిలించి, "ఊరేగింపులో అమ్మోరికి చెయ్యి పడతారేటే?" అన్నది. మర్నాడు పొద్దున కింది గది ఖాళీ అయింది. తమ్ముడు అప్పటి నుంచి కుర్చీని తానే మోశాడు.

డిసెంబరు 28: గోపాల్‌పూర్

ఈ రోజుకు ఏ కార్యక్రమమూ పెట్టుకోలేదు. ఐదున్నరకే మామ్మ, నాన్న, నేను ఇసుకలోకి వెళ్లాము. కుర్చీ కాళ్లు తడి ఇసుకలో నాలుగు వేళ్ల లోతు దిగిపోతే, ఒక జాలరి చెక్కపలక తెచ్చి కింద వేశాడు. "ఎక్కడోళ్లమ్మా మీరు?" అని తెలుగులోనే అడిగాడు. గోపాల్‌పూర్‌లో సముద్రం మీదికి వెళ్లే నోలియాలు తెలుగువాళ్లే. వాళ్ల తెలుగులో ఒడియా మాటలు కలిసినా యాస మాత్రం మా శ్రీకాకుళం వైపుదే. వలల్లోంచి కానాగడతలు, సావళ్లు, నాలుగు చందువలు రాలాయి. బేరగాళ్లు అప్పటికే బుట్టలతో కాచుకుని ఉన్నారు. ఆ జాలరి పట్టణంలో అడిగే ధరకు సగానికే రెండు చందువలు ఇచ్చి, వాళ్ల ఇంటి ఆడవాళ్ల చేత శుభ్రం చేయించి పెట్టాడు.

నాన్నా ఆ జాలరీ మాటల్లో పడ్డారు. ఈ తీరం వాళ్లు సంవత్సరాలను తుపానులతో లెక్కపెట్టుకుంటారు. "మా ఇల్లు ఫైలిన్‌లో పోయింది" అన్నాడాయన. 2013 అక్టోబరు 12 రాత్రి ఆ తుపాను తీరం దాటింది ఇక్కడికి దగ్గరలోనే. "మా కొబ్బరి చెట్లు తిత్లీలో పోయాయి" అన్నారు నాన్న; అది 2018. ఇద్దరూ కాసేపు పోయినవాటి జాబితా చెప్పుకుని తృప్తిపడ్డారు. స్నానానికి దిగవద్దని, కెరటం వెనక్కి లాగే బలం ఇక్కడ మోసం చేస్తుందని ఆయన హెచ్చరించాడు. అందువల్ల పిల్లలను మోకాలి లోతు దాటనివ్వలేదు. ఈత కోసం ఈ తీరానికి రావాలనుకునేవాళ్లు రాకపోవడమే మంచిది.

అప్పటిదాకా మాట్లాడకుండా ఉన్న మామ్మ ఆ జాలరిని, "రంగం ఓడ ఎక్కే రేవు ఎక్కడ నాయనా?" అని అడిగింది.

రంగం అంటే రంగూన్. మా వైపు ముసలివాళ్లకు బర్మా అంతా రంగమే. ఒకప్పుడు గోపాల్‌పూర్ నుంచి ఓడలు రంగూన్‌కు వెళ్లేవి; గంజాం, శ్రీకాకుళం పల్లెల కూలీలు వాటిలోనే బర్మా ధాన్యపు మిల్లులకూ రేవులకూ పనికి పోయేవాళ్లు. మామ్మ తండ్రి కూడా అలా వెళ్లినవాడేనని మాకు ఆ ఉదయమే తెలిసింది. మొదటిసారి వెళ్లి రేకు పెట్టెతో, చేతిలో డబ్బుతో తిరిగి వచ్చాడట. రెండోసారి భార్య కడుపుతో ఉండగా ఈ రేవులోనే ఓడ ఎక్కాడు. మామ్మ పుట్టిన 1941లోనే, డిసెంబరు 23న, జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. వేలాదిమంది తెలుగువాళ్లతో పాటు ఆయన కూడా అడవుల గుండా నడిచి, మరుసటి ఏడాది ఎప్పుడో ఇంటికి చేరాడు. "కాళ్లకి గుడ్డలు కట్టుకొని వచ్చాడంట. నన్ను మొదటిసారి చూసింది అప్పుడేనంట. నన్ను ఎత్తుకోమంటే, ముందు కూకోనీ అన్నాడంట." ఆమె చెప్పింది అంతే.

జాలరి మమ్మల్ని ఊరి పక్కన పాత గిడ్డంగుల గోడలు మిగిలిన చోటికి తీసుకువెళ్లాడు. కప్పులు లేవు, ఇటుకల సందుల్లో రావి మొక్కలు. నాన్న కుర్చీ వేస్తే మామ్మ సముద్రం వైపు తిరిగి కూర్చుంది. మేము దూరంగా నిలబడ్డాము. పావుగంట తరువాత, అన్నం వేళ అవుతోందని ఆమే లేచింది.

మధ్యాహ్నం చందువల పులుసు, నోలియా ఇంటి నుంచి తెచ్చుకున్నదే, పది మందికి చాలింది. సాయంత్రం పిల్లలూ పడుచువాళ్లూ లైట్‌హౌస్ ఎక్కారు. అత్తా నేనూ రొయ్యల వేపుడు బండి దగ్గర నిలబడి, 150 రూపాయల పొట్లం ఎవరికీ చెప్పకుండా పూర్తి చేశాము.

డిసెంబరు 29: రంభ

చిలికా సరస్సు దక్షిణపు కొసన రంభ ఉంది. మా అమ్మాయి ఐదు రోజులుగా ఎదురుచూస్తున్న గడి తమ్ముడి పట్టికలో ఇక్కడే ఉంది: '10:30, డాల్ఫిన్లు'. పడవవాడు అది చూసి నవ్వాడు. ఇరావడీ డాల్ఫిన్లను చూడడానికి వెళ్లవలసినది సాతపడాకు. అది సముద్రం చిలికాతో కలిసే వైపు, సరస్సు ఆ చివరన. పిల్ల ఏడ్చింది. ఏడుపు ఆగేదాకా పడవ కదల్చలేదు. పెద్దవాళ్లం తప్పు చోటు రాసుకుంటే నవ్వుకుంటాము. ఎనిమిదేళ్ల పిల్లకు అది నమ్మకద్రోహమే.

పడవకు 2,400 చొప్పున రెండు పడవలు. మామ్మ కుర్చీని పడవలో వేస్తామంటే, ఒరిగితే ప్రమాదమని పడవవాడు ఒప్పుకోలేదు. అతని మాటే సరైనది. మామ్మ, అమ్మ రేవులో ఉండిపోయారు. నీళ్ల మీద నల్లని బొట్లలా ఆగి ఉన్న బాతుల గుంపులు, పడవ దగ్గరవుతుంటే ఒక్కసారిగా లేచి వెనక్కి వాలాయి. బీకన్ దీవి మీద కంపెనీ కాలపు కలెక్టరు స్నాడ్‌గ్రాస్ దీపం కోసం కట్టించిన స్తంభం, బ్రేక్‌ఫాస్ట్ దీవి మీద ఖల్లికోట రాజుల శిథిల గృహం చూశాము. నీరు తగ్గి బురద తేలిందని చెప్పి, మాట్లాడుకున్న మూడో దీవి దగ్గర దించకుండానే తిప్పేశారు. డబ్బు మాత్రం తగ్గించలేదు.

తిరిగి వచ్చేసరికి ఎర్ర కుర్చీలో టీ అమ్మే ముసలాయన కూర్చుని ఉన్నాడు. మామ్మ కింద చాప మీద, ఎండు రొయ్యలు ఏరుతున్న ముగ్గురు ఆడవాళ్ల మధ్య కాళ్లు చాపుకుని ఉంది. ఆయనకు నడుం నొప్పి అట. ఆ గంటన్నరలో ఆమె మాకన్నా ఎక్కువ తెలుసుకుంది: సముద్రపు ముఖం పూడిపోయి ఉప్పు తగ్గినప్పుడు సరస్సు నిండా నాచు పట్టి చేపలు లేకుండా పోవడం, 2000లో కొత్త ముఖం తవ్విన తరువాత రొయ్యలూ పీతలూ మళ్లీ రావడం, ఇప్పుడు రొయ్యల కోసం కంచెలు వేసేవాళ్లతో చిన్న జాలర్లు పడే తగాదాలు. ఒడియాలో విన్నదంతా తెలుగులో మాకు అప్పజెప్పింది. మధ్యాహ్నం ఖైంగా చేప వేపుడు, పీతల కూర తిన్నాము. మామ్మకు వంకాయ, బడి (వడియాలు) వేసిన కూర విడిగా వండించిన వంటాయన దానికి డబ్బు తీసుకోలేదు. తన తల్లి కూడా ఇలాగే తింటుందన్నాడు.

డిసెంబరు 30: ఇచ్ఛాపురం, పలాస, ఇల్లు

31న ఈ తీరమంతా వనభోజనాల లౌడ్‌స్పీకర్లతో నిండిపోతుంది కనుక ఒక రోజు ముందే తిరుగుముఖం పట్టాము. జాతీయ రహదారి మీద ఇచ్ఛాపురం దాటేసరికి అందరూ నిద్రలో ఉన్నారు. పలాసలో రెండు కిలోల జీడిపప్పు కొన్నాము. ఇల్లు చేరి, సామాను దింపి, కుర్చీ కాళ్లలోని ఇసుక వరండాలో దులిపి, నాన్న సంచి బోర్లించారు.

లెక్క మా అబ్బాయి వేశాడు. వ్యానుకు 38,500, గదులకు 46,000, తిండికి 24,300, పడవలకు 4,800, చిల్లర ఖర్చులు, ఆటోలు, టిక్కెట్లు, జీడిపప్పు కలిపి 7,400. మొత్తం 1,21,000. సంచిలో 4,000 మిగలాలి, మిగిలింది. దానితో జనవరి 1న అందరికీ కేకు తెప్పిద్దామని తమ్ముడు అన్నాడు.

"నా వాటా ఎంత?" అన్నది మామ్మ.

లక్షా ఇరవై ఐదు వేలలో ఐదు వేలంటే ఇరవై ఐదో వంతు అని మా అబ్బాయి లెక్క కట్టి, నూట అరవై రూపాయలు ఆమె చేతిలో పెట్టాడు. మామ్మ ఆ నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకొని కొంగున ముడి వేసుకుంది.